తీసివేతతో తేలని నష్టం: లోడు మీద ఉన్న జనరేటర్‌ను కొలవడం

(విద్యుత్ ఇంజినీరింగ్ విద్యార్థులు, జలవిద్యుత్ కేంద్రాలలో కొత్తగా చేరిన ఇంజినీర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

ఒక జనరేటర్ దక్షత 98.5 శాతం అని పత్రాలలో రాసి ఉంటే, ఆ అంకెను ఎలా కొలిచారన్న ప్రశ్న మనలో చాలామందికి తట్టదు. బయటికి వచ్చిన శక్తిని లోపలికి వెళ్లిన శక్తితో భాగిస్తే వచ్చేదే దక్షత అని తరగతి గదిలో నేర్చుకున్నాం కాబట్టి, షాఫ్టు దగ్గర ఒక కొలత, టెర్మినళ్ల దగ్గర మరొక కొలత తీసుకుని ఉంటారని అనుకుంటాం. పెద్ద జనరేటర్ల విషయంలో సాధారణంగా అలా చేయరు, చేసినా వచ్చిన ఫలితాన్ని అనుభవం ఉన్న పరీక్షా ఇంజినీరు నమ్మడు. ఎందుకు నమ్మడో, మరి నష్టాన్ని ఏ దారిన పట్టుకుంటాడో, ఆ దారులలో ప్రతిదాని అడుగున దాగి ఉన్న ఊహ ఏమిటో మీకు వివరించడానికి ప్రయత్నిస్తాను.

ప్రసంగం పొడుగునా ఒకే యంత్రాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. ఇది ఏ కేంద్రంలోనిదీ కాదు, లెక్కల సౌకర్యం కోసం నేను ఊహించినది. అయితే నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని 100.8 మెగావాట్ల యూనిట్ల స్థాయి యంత్రాన్ని మనసులో ఉంచుకుంటే సరిపోతుంది. దీని అవుట్‌పుట్ 100 మెగావాట్లు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజీ, కరెంటుల లబ్ధంలో అసలు పవరుగా మారే వాటా) 0.9, అంటే ఆ లబ్ధం సుమారు 111 ఎంవీఏ. పూర్తి లోడు మీద స్టేటర్ (తిరగని భాగం) ఇనుప కోర్ నష్టం 400 కిలోవాట్లు, గాలి రాపిడీ బేరింగుల రాపిడీ కలిపి 450, స్టేటర్ వైండింగ్ రాగిలో 300, స్ట్రే లోడ్ నష్టం (లోడు కరెంటు వల్ల అక్కడక్కడా పుట్టే అదనపు నష్టం) 150, ఎక్సైటేషన్ (రోటర్‌ను, అంటే తిరిగే భాగాన్ని, అయస్కాంతంగా చేసే కరెంటు) కింద 250 కిలోవాట్లు అనుకుందాం. మొత్తం 1,550 కిలోవాట్లు. షాఫ్టు నుంచి 101.55 మెగావాట్లు లోపలికి వెళ్తే 100 మెగావాట్లు బయటికి వస్తున్నాయి, దక్షత 98.47 శాతం.

ఇప్పుడు ఇన్‌పుట్‌నూ అవుట్‌పుట్‌నూ విడివిడిగా కొలుద్దాం. రెండు కొలతలలోనూ 0.2 శాతానికి మించి తప్పు లేదని ఉదారంగా ఒప్పుకుందాం. ఉదారంగా అని ఎందుకంటున్నానంటే, ఇంత పెద్ద షాఫ్టు మీద టార్క్‌ను 0.2 శాతం కచ్చితత్వంతో కొలవడం చిన్న పని కాదు. విద్యుత్తు వైపు కూడా 0.2 తరగతి సీటీ (కొలత కోసం కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్), 0.2 తరగతి పీటీ (వోల్టేజీని తగ్గించేది), పైన మీటరు, ఈ మూడింటి తప్పులూ కలిసే అవకాశం ఉంది. అయినా ఒప్పుకుందాం. ఇన్‌పుట్‌లో 0.2 మెగావాట్లు ఎక్కువ చదివి, అవుట్‌పుట్‌లో 0.2 మెగావాట్లు తక్కువ చదివితే, తీసివేతలో 0.4 మెగావాట్ల తప్పు వస్తుంది. అసలు నష్టం 1.55 మెగావాట్లు కాగా, మనకు కనిపించేది 1.15 నుంచి 1.95 దాకా ఏదైనా కావచ్చు. నష్టంలో పాతిక శాతం మించిన అనిశ్చితి అది. వడ్ల లారీని ఒకసారి డ్రైవరుతోనూ ఒకసారి డ్రైవరు లేకుండానూ వే బ్రిడ్జి ఎక్కించి, ఆ తేడా నుంచి డ్రైవరు జేబులోని చిల్లర బరువు చెప్పమన్నట్టుంటుంది. చిన్న మోటార్లకు, దక్షత ఎనభై, తొంభై శాతం ఉన్నచోట, ప్రత్యక్ష పద్ధతి చక్కగా పనిచేస్తుంది. యంత్రం మంచిదయ్యే కొద్దీ ఆ పద్ధతి పనికిరాకుండా పోతుంది.

అదే నష్టాన్ని నేరుగా కొలిచామనుకోండి. ఆ కొలతలో ఏకంగా 5 శాతం తప్పు చేసినా, 1,550 కిలోవాట్లలో అది 78 కిలోవాట్లు, దక్షతలో 0.08 శాతం కూడా కాదు. పెద్ద యంత్రాల పరీక్షల శాస్త్రమంతా ఈ ఒక్క గమనింపు మీదే నిలబడి ఉంది: నష్టం కావాలంటే నష్టాన్నే కొలవాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1886లో ఇంగ్లండులో జాన్ హాప్కిన్‌సన్, ఆయన సోదరుడు ఎడ్వర్డ్ హాప్కిన్‌సన్ డైనమోల మీద ప్రచురించిన పరిశోధనలోనే ఇది ఉంది. ఒకే రకమైన రెండు డైనమోల షాఫ్టులను కలిపి, విద్యుత్ తీగలనూ కలిపి, ఒకటి మోటారుగా రెండవదాన్ని తిప్పేటట్టు, రెండవది జనరేటరుగా మొదటిదానికి కరెంటు ఇచ్చేటట్టు వారు ఏర్పాటు చేశారు. రెండు యంత్రాలూ పూర్తి లోడు మీదే ఉంటాయి, కానీ శక్తి వాటి మధ్యనే తిరుగుతూ ఉంటుంది. బయటి నుంచి అందించవలసింది రెండింటి నష్టాలకు సరిపడినంత మాత్రమే, ఆ కొంచెమే కొలత. మన ఇంజినీరింగ్ కాలేజీల ప్రయోగశాలల్లో డీసీ యంత్రాల మీద నేటికీ చేయించే హాప్కిన్‌సన్ పరీక్ష ఇదే. విద్యార్థులు దాన్ని స్విచ్చులు వేసే క్రమంగా గుర్తుపెట్టుకుంటారు గానీ, అందులోని అసలు తెలివి ఎక్కడుందో గమనించేవారు తక్కువ. నిజమైన లోడు ఉన్న యంత్రంలో, తీసివేత అక్కర లేకుండా, నష్టాన్ని విడిగా బయటికి లాగడమే ఆ తెలివి.

అయితే వంద మెగావాట్ల జలవిద్యుత్ జనరేటర్లను రెండు తెచ్చి షాఫ్టులు కలపలేం. ఫ్యాక్టరీలో ముక్కలుగా తయారై, విద్యుత్ కేంద్రంలోనే మొదటిసారి పూర్తి రూపానికి వచ్చే యంత్రం అది. ఆవిరి టర్బైనుతో నడిచే 3,000 ఆర్‌పీఎం టర్బో జనరేటరైతే కర్మాగారంలోని పరీక్షా వేదిక మీద, నష్టాలు ముందే తెలిసిన మోటారుతో తిప్పి చూడవచ్చు. అక్కడ కూడా దాన్ని పూర్తి లోడు దాకా తీసుకువెళ్లే టర్బైను ఉండదు. కాబట్టి లోడు లేకుండానే లోడు నష్టాన్ని అంచనా వేసే ఉపాయం ఒకటి కావలసి వచ్చింది. దాన్నే నష్టాలను విడదీసి కూడే పద్ధతి అంటాం. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 60034-2-1 ప్రమాణం దీనికి క్రమం నిర్దేశిస్తుంది, పెద్ద యంత్రాలకు ప్రత్యేకమైన పద్ధతులు దాని అనుబంధం 60034-2-2లో ఉన్నాయి.

ఈ పద్ధతిలో యంత్రాన్ని మూడు స్థితులలో తిప్పుతారు. ఎక్సైటేషన్ లేకుండా తిప్పితే రాపిడి నష్టం మాత్రమే ఉంటుంది. టెర్మినళ్లు తెరిచి ఉంచి రేటెడ్ వోల్టేజీ దాకా ఎక్సైట్ చేస్తే దానికి కోర్ నష్టం తోడవుతుంది. టెర్మినళ్లు షార్ట్ చేసి, రేటెడ్ కరెంటు పారేటంత చిన్న ఎక్సైటేషన్ ఇస్తే, రాపిడితో పాటు వైండింగ్ రాగిలోని నష్టమూ స్ట్రే లోడ్ నష్టమూ కనిపిస్తాయి. వైండింగ్ నిరోధాన్ని డీసీతో కొలిచి, కరెంటు వర్గంతో గుణించి తీసేస్తే, మిగిలేదాన్ని స్ట్రే లోడ్ నష్టం అంటాం. రోటర్ ఫీల్డు నష్టాన్ని విడిగా లెక్కగట్టి అన్నింటినీ కూడితే పూర్తి లోడు నష్టం వచ్చినట్టే.

కాగితం మీద ఇది ఎంతో చక్కగా ఉంటుంది. కొంచెం ఆగి చూస్తే లొసుగు కనబడుతుంది. ఓపెన్ సర్క్యూట్ పరీక్షలో కోరు నిండా అయస్కాంత అభివాహం (ఫ్లక్స్) ఉంది, స్టేటర్‌లో కరెంటు లేదు. షార్ట్ సర్క్యూట్ పరీక్షలో కరెంటు నిండుగా ఉంది, అభివాహం దాదాపు లేదు. లోడు మీద రెండూ ఒకేసారి నిండుగా ఉంటాయి. పళ్ల దగ్గర ఇనుము సంతృప్త స్థితికి చేరి ఉంటుంది, ఆర్మేచర్ ప్రతిచర్య (స్టేటర్ కరెంటు పుట్టించే క్షేత్రం) వల్ల ధ్రువం ముఖం కింద అభివాహం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, వైండింగ్ చివరల నుంచి లీకయ్యే అభివాహం రోటర్ చివరల అభివాహంతో కలిసి క్లాంపు ప్లేట్లలోకి, కోరు చివరి పొరలలోకి చొరబడుతూ ఉంటుంది. విడివిడిగా కొలిచిన రెండు స్థితుల మొత్తం, ఆ రెండూ కలిసిన స్థితికి సమానమన్న ఊహ మీద ఈ పద్ధతి నడుస్తోంది. ఇనుము సరళరేఖలో ప్రవర్తించే పదార్థమైతే ఆ ఊహకు బలం ఉండేది. సంతృప్తమయ్యే ఇనుము విషయంలో అది ఒప్పందంగా అంగీకరించిన సౌలభ్యమే గానీ భౌతిక సత్యం కాదు.

స్ట్రే లోడ్ నష్టం గురించి ఇక్కడ ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అన్ని పద్ధతుల కళ్లూ కప్పేది అదే. స్లాటులో పడుకున్న రాగి కడ్డీ చుట్టూ ఏర్పడే ప్రత్యావర్తన క్షేత్రం ఆ కడ్డీలోనే సుడులు తిరిగే ఎడ్డీ కరెంట్లను పుట్టిస్తుంది. దాన్ని తగ్గించడానికే కడ్డీని సన్నని పోగులుగా చీల్చి, స్లాటు పొడుగునా ఒకదాని చోటులోకి మరొకటి వచ్చేటట్టు అల్లుతారు. 1912 ప్రాంతంలో లుడ్విగ్ రోబెల్ రూపొందించిన ఈ అల్లిక ఆయన పేరుతోనే రోబెల్ బార్‌గా నేటికీ వాడుకలో ఉంది. ఇక్కడ ఉష్ణోగ్రత రెండు దిక్కులా లాగుతుంది. రాగి వేడెక్కితే నిరోధం పెరిగి మామూలు రాగి నష్టం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర కొలిచిన నిరోధాన్ని 95 డిగ్రీలకు మారిస్తే 330ని 265తో భాగించినంత, అంటే సుమారు 25 శాతం ఎక్కువవుతుంది. అదే వేడికి ఎడ్డీ కరెంట్ల నష్టం తగ్గుతుంది. చల్లగా ఉన్న యంత్రం మీద షార్ట్ సర్క్యూట్ పరీక్ష చేసి, మొత్తం నష్టాన్ని 1.25తో గుణించి రాసిన నివేదికలు చూశాను. రాగి భాగాన్ని మాత్రమే సవరించి, స్ట్రే భాగాన్ని కొలిచినది కొలిచినట్టే ఉంచాలి.

ఇక ఈ మూడు స్థితులలోనూ శక్తిని కొలిచేదెలా అన్న ప్రశ్న. కేంద్రంలో నిలబెట్టిన యంత్రానికి బాగా నప్పేది రిటార్డేషన్ పరీక్ష. యంత్రాన్ని రేటెడ్ వేగం కంటే కొంచెం ఎక్కువకు తీసుకువెళ్లి, తిప్పే శక్తిని ఆపేసి, దానంతటది నెమ్మదిస్తుంటే ఎంత త్వరగా నెమ్మదిస్తుందో చూస్తారు. తిరిగే ద్రవ్యరాశిలోని గతిజశక్తే నష్టాలకు ఖర్చవుతుంది కాబట్టి, వేగం తగ్గే రేటును జడత్వ భ్రామకంతో, వేగంతో గుణిస్తే నష్టం వస్తుంది. మన యంత్రంలో రేటెడ్ వేగం దగ్గర 300 మెగాజౌళ్ల శక్తి నిల్వ ఉందనుకుంటే, 105 శాతం వేగం నుంచి 95 శాతానికి దిగడానికి ఎక్సైటేషన్ లేనప్పుడు సుమారు 133 సెకన్లు, ఓపెన్ సర్క్యూట్ ఎక్సైటేషన్‌తో 70 సెకన్లు, షార్ట్ సర్క్యూట్‌లో 67 సెకన్లు పడుతుంది. ఈ మూడు కాలాల మధ్య తేడాలలోనే నష్టాలన్నీ ఇమిడి ఉన్నాయి. 70 సెకన్లలో ఒక్క సెకను పొరబడితే 12 కిలోవాట్లు అటూ ఇటూ అవుతాయి, అది 400 కిలోవాట్ల కోర్ నష్టంలో 3 శాతం. చేతి గడియారాల కాలం పోయి, షాఫ్టు మీది పల్సులను రికార్డు చేసే పరికరాలు వచ్చాక ఈ చిక్కు చాలావరకు తీరింది.

తీరనివి వేరే ఉన్నాయి. ఎక్సైటేషన్ విడి సరఫరా నుంచి రావాలి, యంత్రం షాఫ్టు మీది ఎక్సైటర్ నుంచి వస్తే వేగంతో పాటు అదీ తగ్గిపోయి మొత్తం రీడింగులు చెడతాయి. టర్బైనును విడదీయకపోతే, దాని గదిలో నీరు తీసేసినా రన్నరు (టర్బైను చక్రం) గాలిలో తిరుగుతూ కొంత శక్తి తింటుంది, దాన్ని జనరేటర్ ఖాతాలో రాయకూడదు. థ్రస్ట్ బేరింగ్ సంగతి మరీ చిక్కు. నీటి ఒత్తిడి లేనప్పుడు దాని మీద పడేది తిరిగే భాగాల బరువు మాత్రమే, లోడు మీద టర్బైను నెట్టే బలం కూడా దానికి తోడవుతుంది. ఆ బేరింగు నష్టంలో జనరేటర్ వాటా ఎంత, టర్బైను వాటా ఎంత అన్నది భారాల నిష్పత్తిలో పంచుకోవలసిన లెక్క. ఒప్పందంలో ఈ పంపకం ముందే రాసుకోకపోతే రెండు కంపెనీలూ ఆ కిలోవాట్లను ఒకదాని ఒళ్లోకి మరొకటి తోసుకుంటూ ఉంటాయి.

లోడుకు ఇంకొంచెం దగ్గరగా వెళ్లే ఉపాయం జీరో పవర్ ఫ్యాక్టర్ పరీక్ష. యంత్రాన్ని గ్రిడ్‌కు కలిపి, టర్బైనుకు నీరు ఆపి, ఖాళీగా తిరిగే మోటారుగా వదిలి, ఎక్సైటేషన్ పెంచితే అది రియాక్టివ్ కరెంటును, అంటే అసలు పవరు మోయకుండా అటూ ఇటూ ఊగే కరెంటును, ఇస్తుంది. స్టేటర్‌లో రేటెడ్ కరెంటూ ఉంటుంది, కోరులో నిండు అభివాహమూ ఉంటుంది, కానీ అసలు పవరు దాదాపు సున్న. గ్రిడ్ నుంచి తీసుకుంటున్న కొద్ది పవరే నష్టం. హాప్కిన్‌సన్ తెలివి మళ్లీ ఇక్కడ పలికింది. కాకపోతే ఈ కొద్ది పవరును కొలవడంలో ఒక ప్రమాదం ఉంది. 0.2 తరగతి సీటీలో దశ కోణపు తప్పు 10 నిమిషాల దాకా, అంటే డిగ్రీలో ఆరోవంతు దాకా, ఉండవచ్చు. మామూలు పవర్ ఫ్యాక్టర్ దగ్గర దాన్ని ఎవరూ పట్టించుకోరు. జీరో పవర్ ఫ్యాక్టర్ దగ్గర 111 ఎంవీఏలో అది 320 కిలోవాట్ల తప్పుగా మారుతుంది, అంటే మనం కొలవాలనుకున్న నష్టంలో అయిదోవంతు. పీటీ తప్పు దానికి అదనం. సీటీ, పీటీల కోణపు తప్పులను ప్రయోగశాలలో కొలిచి, వాటి సవరణలు చేతిలో ఉంచుకున్నవారు మాత్రమే ఈ పరీక్షకు దిగాలని నా అభిప్రాయం. కంట్రోల్ ప్యానెల్ మీది మెగావాట్ మీటరు చూసి నష్టం చెప్పేవారి మాట వినకండి.

ఇంతవరకు చెప్పినవన్నీ లోడు చుట్టూ ప్రదక్షిణలే. అసలు లోడు మీదే, యంత్రం మామూలుగా గ్రిడ్‌కు కరెంటు పంపుతున్నప్పుడే, నష్టాన్ని నేరుగా కొలిచే పద్ధతి ఒకటి ఉంది. నష్టం ఏ రూపంలో పుట్టినా, కోరులో హిస్టెరిసిస్‌గా (ఇనుము అయస్కాంతత్వం పదేపదే తిరగబడడం వల్ల) పుట్టినా, గాలి రాపిడిగా పుట్టినా, చివరికి వేడిగా మారక తప్పదు. ఆ వేడి స్థిర స్థితిలో యంత్రం నుంచి బయటికి పోక తప్పదు. పోతున్న వేడిని కొలిస్తే చాలు. దీనినే క్యాలరీమెట్రిక్ పద్ధతి అంటాం. యంత్రం చుట్టూ ఒక ఊహాత్మక ఆవరణ గీసుకుని, దాన్ని దాటి పోయే వేడినంతా లెక్కవేస్తాం. అందులో పెద్ద వాటా ఎయిర్ కూలర్లలో తిరిగే నీరు తీసుకుపోతుంది, తర్వాతి వాటా బేరింగుల ఆయిల్ కూలర్లది, కొద్దిపాటి వేడి కాంక్రీటు గోడల నుంచి, పై మూత నుంచి వెలువడుతుంది.

మన యంత్రంలో ఎయిర్ కూలర్ల నీరు 1,300 కిలోవాట్లు తీసుకుపోతోందనుకుందాం. కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 కిలోజౌళ్లు కావాలి కాబట్టి, లోపలికి వెళ్లే నీటికీ బయటికి వచ్చే నీటికీ 6 డిగ్రీల తేడా ఉంటే, ప్రవాహం సెకనుకు సుమారు 52 లీటర్లు ఉండాలి. ప్రవాహాన్ని మంచి ఫ్లోమీటరుతో ఒక శాతం లోపు కొలవవచ్చు. అసలు కష్టం ఆ 6 డిగ్రీలలో ఉంది. రెండు థర్మామీటర్ల మధ్య 0.1 డిగ్రీ తేడా ఉంటేనే 1.7 శాతం తప్పు వచ్చేస్తుంది. అందుకే ప్లాటినం తీగ నిరోధంతో వేడిని కొలిచే పీటీ-100 థర్మామీటర్లను జతగా ఒకే నీటి తొట్టిలో ముంచి సరిచూస్తారు. పరీక్ష మధ్యలో ఇన్‌లెట్‌లోని థర్మామీటరును అవుట్‌లెట్‌కు, అవుట్‌లెట్‌లోనిదాన్ని ఇన్‌లెట్‌కు మార్చి మళ్లీ చదివి, రెండింటి సగటు తీసుకుంటే వాటి స్వంత తేడా రద్దయిపోతుంది. తీగల నిరోధం కలవకుండా నాలుగు తీగల అమరిక తప్పనిసరి, ఎందుకంటే ఆ థర్మామీటరు డిగ్రీకి 0.385 ఓములే మారుతుంది. కూలరు నుంచి బయటపడిన నీరు గొట్టంలో పొరలు పొరలుగా వేర్వేరు వేడిమితో పారుతుంది కాబట్టి, రెండు మూడు వంపులు తిరిగి బాగా కలిసిన తర్వాతే థర్మామీటరు పెట్టాలి. కూలరు గొట్టాలలో నీటి పీడనం ఒక బార్ తగ్గితే ఆ రాపిడికే నీరు సుమారు 0.02 డిగ్రీ వేడెక్కుతుంది, అది కూడా యంత్రం నష్టంగా కనిపిస్తుంది. చాదస్తమనిపించవచ్చు. 6 డిగ్రీలలో అది 0.4 శాతం, పీడనం గేజి చూసి తీసివేయడానికి ఒక్క నిమిషం పని.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఓపిక. స్థిర స్థితి అన్న మాటను మనవాళ్లు తేలికగా వాడేస్తారు. మన యంత్రంలో 500 టన్నుల ఇనుమూ రాగీ ఉన్నాయనుకుందాం. ఉక్కు విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 0.46 కిలోజౌళ్లు. ఆ ద్రవ్యరాశి ఇంకా గంటకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతూనే ఉంటే, గంటలో 2,30,000 కిలోజౌళ్లు, అంటే 64 కిలోవాట్లు, కూలరు దాకా చేరకుండా ఇనుములోనే దాక్కుంటున్నాయన్నమాట. అది మొత్తం నష్టంలో 4 శాతం. స్క్రీను మీద వైండింగ్ ఉష్ణోగ్రత దాదాపు నిలబడినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే గంటకు ఒక డిగ్రీ కంటికి ఆనదు. రీడింగు తీసుకుంటే యంత్రం ఉన్నదానికంటే మంచిదిగా తేలుతుంది. తయారీదారు ప్రతినిధి ఆ సమయంలో రీడింగు ముగించేద్దామని తొందరపెడితే, ఆయన మాట మర్యాదగా విని మరో రెండు గంటలు ఆగండి. కొనేవారి ప్రతినిధి యంత్రం చల్లబడుతున్నప్పుడు రీడింగు అడిగినా సమాధానం అదే.

ఈ గంటల స్థిరత్వం విద్యుత్ కేంద్రంలో దొరకడం సులభం కాదు. లోడు, వోల్టేజీ, పవర్ ఫ్యాక్టర్, కూలింగ్ నీటి ప్రవాహం, నాలుగూ కదలకుండా ఉండాలంటే గ్రిడ్‌ను నియంత్రించే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఒప్పుకోవాలి. మన రెండు రాష్ట్రాలలోని కృష్ణా జలవిద్యుత్ కేంద్రాలలో జలాశయం నుంచి నీటి విడుదల సాగునీటి అవసరాలతో ముడిపడి ఉంటుంది కాబట్టి, నీరు వదిలే రోజులకు పరీక్షను కుదుర్చుకోవలసి వస్తుంది. శ్రీశైలం ఎడమగట్టున ఉన్నట్టు భూగర్భ కేంద్రమైతే ఒక లాభం ఉంది: ఎండ, గాలి ప్రభావం లేక చుట్టుపక్కల ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటుంది. అక్కడి ఆరు 150 మెగావాట్ల యంత్రాలు నీటిని వెనక్కి తోడే రివర్సిబుల్ రకం. అటువంటి యంత్రానికి జనరేటరుగా ఒక దక్షత, మోటారుగా ఒక దక్షత ఉంటాయి, రెండింటికీ విడివిడిగా పరీక్ష ఉండాలి.

గోడల నుంచి పోయే వేడి దగ్గర ఎక్కువ సేపు ఆగనక్కరలేదు. చదరపు మీటరుకు, డిగ్రీకి 10 నుంచి 15 వాట్ల చొప్పున లెక్కవేస్తే సరిపోతుంది. 200 చదరపు మీటర్ల ఉపరితలం గది కంటే 10 డిగ్రీలు వేడిగా ఉంటే 20 నుంచి 30 కిలోవాట్లు. అందులో సగం తప్పు చేసినా మొత్తంలో ఒక శాతం కూడా మారదు. నేను చూసిన కొన్ని పరీక్షలలో బృందం ఉపరితల ఉష్ణోగ్రతల కోసం రోజంతా గోడల చుట్టూ తిరిగి, నీటి థర్మామీటర్ల జతను సరిచూడడం మరచిపోయింది. ఎక్కడ తప్పు ఖరీదైనదో అక్కడ శ్రద్ధ పెట్టాలి.

హైడ్రోజన్‌తో చల్లబరిచే టర్బో జనరేటర్లలో ఒక అదనపు విషయం ఉంది. 1937లో అమెరికాలోని డేటన్ నగరంలో ఇటువంటి మొదటి యంత్రం పనిలోకి వచ్చింది. హైడ్రోజన్ సాంద్రత గాలిలో పద్నాలుగో వంతు కావడంతో రాపిడి నష్టం బాగా తగ్గుతుంది. కానీ అందులోకి గాలి చేరితే ఆ లాభం వేగంగా కరిగిపోతుంది. శుద్ధి 98 శాతం ఉన్నప్పుడు వాయువు సాంద్రత శుద్ధ హైడ్రోజన్‌కు సుమారు 1.27 రెట్లు, 95 శాతానికి పడితే 1.67 రెట్లు. వాయు రాపిడి నష్టం సాంద్రతతో పాటే పెరుగుతుంది కాబట్టి, మూడు శాతం గాలి చేరితే ఆ నష్టం మూడోవంతు దాకా ఎక్కువవుతుంది. దక్షత పరీక్ష రోజున హైడ్రోజన్ శుద్ధి, పీడనం రాయని నివేదిక అసంపూర్ణం.

ఇంత శ్రమ దేనికి అని అడగవచ్చు. 500 మెగావాట్ల యంత్రం దక్షతలో 0.1 శాతం తేడా అంటే అర మెగావాట్. ఏడాదిలో 85 శాతం కాలం పూర్తి లోడు మీద నడిస్తే అది సుమారు 37 లక్షల యూనిట్లు. టెండరులో ఒక్కొక్క కిలోవాట్ నష్టానికీ ధర కట్టి, హామీ తప్పితే ఆ లెక్కన డబ్బు కోస్తారు. ఐఈసీ 60034-1 మామూలుగా మొత్తం నష్టాలలో 10 శాతం సడలింపు ఇస్తుంది. దాన్ని అలాగే ఉంచాలా, కొలత అనిశ్చితిని దానికి అదనంగా ఇవ్వాలా అన్నది ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే కొలత ఎంత మంచిదైనా తగవు తెగదు. టర్బైను దక్షత పరీక్షకు కూడా ఈ అంకె కావాలి, ఎందుకంటే టర్బైను షాఫ్టు పవరును సాధారణంగా జనరేటర్ అవుట్‌పుట్‌కు జనరేటర్ నష్టాన్ని కూడి తెలుసుకుంటారు. మన యంత్రంలో నష్టం 10 శాతం తప్పుగా తెలిస్తే, టర్బైను దక్షత 0.15 శాతం తప్పుతుంది.

పూర్తి లోడు దగ్గర ఒక్క పాయింటు కొలిచి ఊరుకోవడం కూడా నాకు నచ్చదు. సగం లోడు దగ్గర కోర్, రాపిడి నష్టాలు కలిపిన 850 కిలోవాట్లు దాదాపు అలాగే ఉంటాయి, రాగి, స్ట్రే నష్టాలు నాలుగోవంతుకు, అంటే 112కు, పడిపోతాయి, ఎక్సైటేషన్ 170 అనుకుంటే మొత్తం 1,130 కిలోవాట్ల చుట్టూ, దక్షత 97.8 శాతం. ఏడాదిలో ఎక్కువ గంటలు సగం లోడు మీద నడిచే యంత్రానికి తక్కువ కోర్ నష్టం ముఖ్యం, తక్కువ రాగి నష్టం కాదు. ఈ లెక్కను కొనే ముందే వేసుకోవాలి.

చివరిగా, ఈ రోజుల్లో మరింత అవసరమవుతున్న ఒక స్థితి గురించి చెబుతాను. గ్రిడ్ మీద డిమాండు తగ్గి వోల్టేజీ పెరిగినప్పుడు జనరేటర్లను లీడింగ్ పవర్ ఫ్యాక్టర్‌లో నడిపి, రియాక్టివ్ పవరును వాటిచేత మింగిస్తారు. అప్పుడు ఎక్సైటేషన్ తక్కువగా ఉంటుంది కాబట్టి ఫీల్డు నష్టం తగ్గుతుంది, ప్యానెల్ మీద అంతా సుఖంగా కనిపిస్తుంది. ముఖ్యంగా టర్బో జనరేటర్లలో, కోరు చివరి పొరలలోకి అడ్డంగా చొరబడే అభివాహం ఈ స్థితిలోనే పెరిగి, ఆ భాగాన్ని వేడెక్కిస్తుంది. షార్ట్ సర్క్యూట్ పరీక్షలో వచ్చిన స్ట్రే నష్టపు అంకె ఈ వేడి గురించి ఏమీ చెప్పదు, విడదీసి కూడిన మొత్తంలో దానికి చోటే లేదు. కూలర్ల నీటికి మాత్రం అది తెలుస్తుంది. మీ కేంద్రంలో కూలర్ల ఇన్‌లెట్, అవుట్‌లెట్‌లలో సరిచూసిన థర్మామీటర్ల జత, ప్రధాన గొట్టం మీద ఒక ఫ్లోమీటరు శాశ్వతంగా బిగించి ఉంటే, లాగింగ్ వైపు (రియాక్టివ్ పవరు ఇచ్చే వైపు) ఒకసారి, అదే మెగావాట్లతో లీడింగ్ వైపు ఒకసారి యంత్రాన్ని నిలకడగా నడిపి, రెండు మొత్తాలనూ పోల్చండి. ఫీల్డు నష్టంలో తగ్గినంత నీటి వేడిలోనూ తగ్గకపోతే, ఆ మిగిలిన కిలోవాట్లు కోరు చివరలలో ఖర్చవుతున్నాయని అనుమానించి, అక్కడి థర్మోకపుల్ రీడింగులు తెరిచి చూడండి.